రాహేలు నేర్పని పాఠం

బాప్తిస్మం పుచ్చుకునేనాటికి రాహేలుకి పద్నాలుగేళ్ళు. అంతకుముందు ఆమె పేరు పెద్దింట్లమ్మ. రాజోలు తాలూకాలో వైనతేయ గట్టునున్న మాలపల్లె వాళ్ళది. తండ్రి నూకయ్య, తల్లి చిన్నతల్లి ముత్యాలరాజుగారి చేలల్లో పనిచేసేవారు. ధవళేశ్వరంలో ఆనకట్ట లేచి, కోనసీమంతటా కాలవలు తవ్వుతున్న రోజులవి. గన్నవరం దగ్గర ఏటి మీదుగా కాలవను దాటించే కట్టడం పనిలో మట్టి మొయ్యడానికి వెళ్ళిన నూకయ్య జ్వరంతో తిరిగొచ్చి, తొమ్మిదో నాడు పోయాడు. ఆ తొమ్మిది రోజులూ గుడిసెలోకి వంగి వచ్చి మందు పట్టించిన మనిషి ఏటిగట్టు బంగళాలో ఉండే మిషను దొరసాని ఒక్కతే. ఆ వేసవిలోనే పల్లెలో ఏడు కుటుంబాలు మతంలో కలిశాయి. దొరసాని పసిబిడ్డను ఎత్తుకోవడానికి చిన్నతల్లి కూతుర్ని బంగళాకి పంపింది.

బిడ్డ రెండేళ్ళు కూడా బతకలేదు. ఆ తరవాత నెల రోజులు దొరసాని గది దాటి రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం రాహేలును పిలిచి అటక మీదున్న నల్లపెట్టె దింపించింది. అందులో ఉంది గిటారు. వీణలో సగం కూడా లేదు, బుర్రలు లేవు, నడుం దగ్గర సన్నం. ఆరు తీగలు. పల్లెవాళ్ళు దాన్ని దొరసాని వీణ అనేవారు.

జ్వరాలతో దొరసానికి ఊపిరి చాలేది కాదు. వాయించగలదు, పాడలేదు. బిడ్డను నిద్రపుచ్చుతూ రాహేలు పాడినవన్నీ విని ఉంది కాబట్టి, తన బదులు పాడమంది. ఒక తీగ మీటి, ఆ స్వరం పట్టుకోమంది. రాహేలు గొంతెత్తింది. దొరసాని తల అడ్డంగా ఊపింది. మళ్ళీ మీటింది. మళ్ళీ తల ఊపింది.

ఏం తప్పు చేస్తోందో రాహేలుకి అర్థం కాలేదు. ఆమె గొంతు బాగాలేదని అప్పటిదాకా ఎవరూ అనలేదు. చిన్నతల్లి ఆ పల్లెకంతా నాట్ల పాటకి ముందుమనిషి. ఆమె పాట ఎత్తుకుంటే మూడు మళ్ళ అవతలి ఆడవాళ్ళు కూడా ఆ ఊపుకే వంగి నాటేవారు. ఆ పాట ఎక్కడా తిన్నగా నిలబడదు. జారుతుంది, విరుగుతుంది, చివర్న చిన్న జీరతో తెగిపోతుంది. రాహేలు గొంతు అక్కడే పుట్టింది.

వారం పోయాక దొరసాని తనకొచ్చిన తెలుగులో చెప్పింది. గిటారు మెడ మీద ఇత్తడి మెట్లు చూపించి, "నువ్వు మెట్టు మీద లేవు. రెండు మెట్ల నడుమ నిలబడుతున్నావు. అక్కడ స్థలం లేదు" అంది.

తరవాత గిటారును రాహేలు ఒడిలో పెట్టింది. దాని అంచు మీద దవడ ఆనించి, తీగ మీటి, పెదాలు మూసుకుని మూలగమంది. తీగ అదురు ఎముకల్లోకి ఎక్కింది. రాహేలు మూలిగింది. తీగ అదురూ గొంతు అదురూ దగ్గరకొచ్చాయి గాని కలవలేదు. రెండింటి నడుమ ఏదో అల్లాడుతోంది, ఎదురుబొదురుగా వచ్చిన రెండు పడవల అలలు ఏటి నడుమ కొట్టుకున్నట్టు. గొంతు కొంచెం పైకి జరిపితే ఆ అల్లాట నెమ్మదించింది. ఎక్కువ జరిపితే మళ్ళీ మొదలైంది. అలా నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు అల్లాట పూర్తిగా ఆగిపోయింది. తీగ మోగడం మానేసిందేమోనని రాహేలు కిందికి చూసింది. తీగ అదురుతూనే ఉంది.

దొరసాని ఆ రోజు నవ్వింది. బిడ్డ పోయాక అదే మొదటిసారి.

అదొక్కటే అయితే సరిపోయేది. మరుసటేడు దొరసాని వేళ్ళ కణుపులు వాచాయి. వాయించడం కూడా రాహేలే నేర్చుకోవలసి వచ్చింది. చేతులు కదలకుండా పాడితే గొంతు నిలిచేది. ఎడమచేతి వేళ్ళు ఒక పట్టులోంచి ఇంకో పట్టులోకి మారేసరికి మనసు వేళ్ళ వెనక పరిగెత్తేది, గొంతు కిందికి జారేది. పిండి రుబ్బుతూ, ఊడుస్తూ, నారు పీకుతూ పుట్టినప్పట్నుంచీ పాడుతున్న మనిషికి ఇదొక వింత. అక్కడ చెయ్యే పాటను మోసేది. ఇక్కడ చెయ్యి పాటను లాగేస్తోంది. దొరసాని నెల రోజులు పాట మాన్పించి వేళ్ళ చేత ఒక్కటే పని చేయించింది, కళ్ళు మూసుకున్నా పట్టు మారేదాకా. తరవాత మూలుగుతో. తరవాత మాటలతో. ఎప్పుడు తప్పినా ఒకటే అనేది, తీగను నమ్ము, నీ గొంతును నమ్మకు అని.

కోనసీమ వానలు ఆ వాయిద్యానికి పడేవి కావు. పేగుతీగలు చెమ్మకి సాగేవి, తీగలు బిగించే బిరడలు ఉబ్బి బిగుసుకునేవి. తెగిన తీగ బదులు ఇంకోటి రావాలంటే బెండమూర్లంక రేవుకి ఓడ రావాలి. ఓడ రాని ఏడు రాహేలు రాజోలు వెళ్ళి, దూదేకుల సాయిబును బతిమాలి, అతని ఏకువిల్లుకి కట్టే పేగు తెచ్చి కట్టింది. ఒక తీగను అయిదో మెట్టు దగ్గర నొక్కి, ఆ మోతకి పక్క తీగను కలుపుకుంటూ రావడం దొరసాని దగ్గర నేర్చుకుంది. కలిసిందా లేదా అన్నది ఆ అల్లాటే చెబుతుంది. చెవిలో అది వినపడటం మొదలయ్యాక ఇక మర్చిపోవడమంటూ ఉండదు.

పాఠాలు మొదలైన మూడేళ్ళకి ఒక ఆదివారం ప్రార్థన ఇంట్లో రాహేలు ముందు కూర్చుని వాయిస్తూ పాడింది. తెలుగు మాటలకి దొరల వరస. పల్లె అంతా వచ్చి విన్నారు. ఇంటికెళ్ళేటప్పుడు గట్టు మీద చిన్నతల్లి ముందు నడిచింది. బాగుందా అని కూతురే అడిగింది.

"పాట బాగానే ఉందే. నీ గొంతు మట్టుకు ఇనపళ్ళేదు" అంది చిన్నతల్లి.

రాహేలుకి కోపం వచ్చింది. ఆ కోపం ఎన్నాళ్ళో పోలేదు, ఎందుకంటే తల్లి అన్నది నిజమో కాదో తేల్చుకోవడం ఆమె వల్ల కాలేదు. ఆ ఏడు నాట్లకి వెళ్ళి అందరితో పాటు గొంతు కలపబోతే, పక్క మడిలో ఆడవాళ్ళు ఆగి నవ్వేరు. దొరసానొచ్చిందే అన్నారు. రాహేలు మళ్ళీ నాట్లలో పాడలేదు.

పాఠాలు మొదలైన నాలుగో ఏట దొరసాని మంచాన పడింది. చివరి రోజుల్లో రాహేలును పిలిచి, గిటారు పెట్టె మీద చెయ్యి వేసి, ఇది నీకు అంది. దొర అప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఏటివైపు చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియదు. భార్యను బంగళా వెనక పాతిపెట్టి, రెండు నెలల్లో ఆయన ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. పెట్టె బంగళా సామానులో ఉండిపోయింది, ఆదివారం ప్రార్థనకి మాత్రం గిటారు తీసి రాహేలు చేతికిచ్చేవారు. అది నాదండి అని ఎవరికి చెప్పుకోవాలో రాహేలుకి తెలియలేదు. చెబితే నమ్మేవాళ్ళూ లేరు.

కొత్త దొర, ఆయన దొరసాని వచ్చిన ఏడాదే అప్పారావుగారు మతంలో కలిశారు. పై కులస్థులు, చదువుకున్నవారు, మిషను బడిలో పంతులు. అలాంటివారు రావడం అక్కడ అదే మొదలు, అందుకని దొర ఆయన్ని కళ్ళకద్దుకుని చూసుకునేవాడు. ప్రార్థన ఇంట్లో మొదటి వరస ఆయన కుటుంబానిది అయింది. మూడు ఆదివారాలు గడిచాక అప్పారావుగారు దొరతో మెల్లిగా చెప్పారట. ఈ దేశంలో నలుగురి ముందు వాయిద్యం పట్టి పాడే ఆడవాళ్ళెవరో ఊరందరికీ తెలుసు, ప్రభువు మందిరానికి ఆ మాట రానివ్వకూడదు అని. దొరకి అది సబబుగా తోచింది. రాహేలును వెనక వరసలో కూర్చోమన్నారు. గిటారు పెట్టెలోకి వెళ్ళింది.

అప్పటికి రాహేలుకి పెళ్ళయింది. భర్త ఏసుదాసు వైనతేయ రేవులో పడవ వేసేవాడు, కాపురం ఏటికి అవతలి గట్టున. మాటకారి కాదు గాని మనిషి మంచివాడు. భార్య ఆదివారం ఇంటికొచ్చి అన్నం ముట్టకపోతే ఏమీ అడక్కుండా తనూ మానేసేవాడు.

రెండేళ్ళు పోయాక కొత్త దొరసాని రాహేలుకి కబురు పెట్టింది. వెళ్తే అక్కడ అప్పారావుగారు, ఆయన కూతురు సూర్యకుమారి ఉన్నారు. పన్నెండేళ్ళ పిల్ల. గొంతు బాగుందని, ప్రార్థనలో పాడితే బాగుంటుందని, గిటారు ఎవరికీ రాదు కాబట్టి రాహేలు నేర్పాలని దొరసాని చెప్పింది. రాహేలు అప్పారావుగారి వైపు చూసింది. ఆయన మొహంలో ఏ ఇబ్బందీ లేదు.

"మా అమ్మాయి పాడితే ఎవరూ ఏమీ అనుకోరు రాహేలూ. సంగతి వేరు కదా" అన్నారు, ఆమె అడక్కుండానే.

"ఆయ్" అంది రాహేలు.

సంగతి విని ఏసుదాసు నేర్పనని చెప్పెయ్యమన్నాడు. మానేస్తే గిటారును ముట్టుకోనివ్వరని రాహేలు అంది. అంతకంటే కారణం లేదు ఆమెకి. రెండేళ్ళ తరవాత పెట్టె తెరిచినప్పుడు ఆరు తీగల్లో రెండు తెగి ఉన్నాయి. రాజోలు వెళ్ళి దూదేకుల సాయిబు దగ్గర పేగు తెచ్చి తనే కట్టింది.

సూర్యకుమారి చెడ్డపిల్ల అయి ఉంటే రాహేలుకి తేలికయ్యేది. కాదు. తండ్రి ఎదుట "రాహేలూ" అనేది, ఆయన అటు తిరగ్గానే "రాహేలక్కా" అనేది. ఇంట్లోంచి తెచ్చిన తినుబండారం సగం విరిచి, అంటు తగలకుండా విసరడం కాదు, చేతిలో పెట్టేది. గొంతు సన్నం గాని నిజంగానే బాగుండేది. వేళ్ళు మారేటప్పుడు అందరిలాగే ఆమె గొంతూ కిందికి జారేది. రాహేలు తనకి చెప్పిన దారిలోనే చెప్పింది: ముందు వేళ్ళు, తరవాత మూలుగు, తరవాత మాట. దవడ ఆనించి తీగ అదురు వినడం కూడా చూపించింది. పాత దొరసాని మాటే ఆ పిల్లకీ అప్పజెప్పింది. తీగను నమ్మండి అమ్మాయిగారూ, గొంతును నమ్మకండి.

ఒక్కటి చెప్పలేదు. తీగలు కలపడం.

మొదట్లో అది కావాలని చేసింది కాదు. పిల్ల చేతికి బిరడలు తిరగవు, తనే కలిపి ఇచ్చేది. తరవాత ఒకరోజు సూర్యకుమారి అడిగింది, అదెలాగో నాకూ చూపించు అని. పేగు మొండిది, అలవాటైన చెయ్యి ఉండాలి, ఇటివ్వండి అంది రాహేలు. ఆ మాట అన్నాక ఆమెకే తెలిసింది తను ఏం చేస్తోందో. అప్పట్నుంచీ పిల్ల చూడకుండా అటు తిరిగి కలిపేది.

సూర్యకుమారి ముందు వరసలో పాడటం మొదలుపెట్టింది. వాయిద్యం పట్టిందని ఒక్కరూ ఏమీ అనలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే రాహేలు వచ్చి, వరండాలో కూర్చుని, తీగలు కలిపి, గిటారును పిల్ల చేతికిచ్చి, వెనక వరసకి వెళ్ళేది. అక్కణ్ణుంచి వినేది. పాట తిన్నగా సాగినంతసేపూ, ఈ తిన్నదనం నేనిచ్చిందే, నేను లేకపోతే ఇది లేదు అనుకునేది. అలా అనుకోవడంలో ఒక రుచి ఉండేది. ప్రార్థనంతా అయిపోయేదాకా ఆమె ఇంకేమీ వినేది కాదు.

రెండేళ్ళు అలా నడిచింది. ఆ ఏడు శ్రావణంలో బందరు నుంచి ఇద్దరు దొరలు, వాళ్ళ దొరసానులు వస్తున్నారని తెలిసింది. వారం నుంచీ వాన. శనివారం పొద్దున్న చిన్నతల్లికి ఊపిరాడటం లేదని పల్లె నుంచి కబురొచ్చింది. రాహేలు బంగళాకి వెళ్ళి, తీగలు కలిపి, వెళ్ళొస్తానంది. సూర్యకుమారి మెట్ల దాకా వెంట వచ్చింది.

"రేపు నువ్వు లేకపోతే ఎలా రాహేలక్కా? రాత్రికి తీగ సాగితే? కలపడం ఒకసారి చూపించి వెళ్ళు" అంది.

ఆ క్షణం రాహేలుకి బాగా గుర్తు. తల్లి కోసం తొందరలో ఉంది, నిజమే. కాని అయిదో మెట్టు దగ్గర నొక్కి వినమని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పిల్లకి అల్లాట వినడం అప్పటికే వచ్చు. చెబితే అక్కడికక్కడే అర్థమైపోయేది.

"నిలుస్తాయిలెండి" అంది రాహేలు. గట్టు వెంట పల్లెవైపు నడిచింది. నిలవవని ఆమెకి తెలుసు.

ఆదివారం జరిగింది ఆమె చూడలేదు, తరవాత విన్నది. తీగలు రాత్రంతా సాగాయి, ఒక్కొక్కటీ ఒక్కో మేరకి. సూర్యకుమారి అందరి ముందూ కూర్చుని మొదలుపెట్టింది. తీగను నమ్మాలని నేర్చుకున్న పిల్ల తీగనే నమ్మింది. గొంతును ఆ తీగ వెంట తీసుకెళ్ళింది, పట్టు మారగానే ఇంకో తీగ వెంట ఇంకో చోటికి వెళ్ళింది. వెనక పాడేవాళ్ళు తలో దారీ పట్టారు. బందరు దొరసానుల్లో ఒకామె రుమాలు నోటికి అడ్డం పెట్టుకుందట. పిల్ల ఆపకుండా చివరిదాకా పాడింది. గిటారు కింద పెట్టి, ప్రార్థన అవకుండానే బయటికి నడిచింది.

ఆ సమయానికి చిన్నతల్లి కూతురి ఒళ్ళో ఉంది. సోమవారం మధ్యాహ్నం పోయింది. మతంలో కలిసినవాళ్ళు శవం దగ్గర రాగం తీసి ఏడవకూడదని దొర చెప్పి ఉన్నాడు. పల్లె ఆడవాళ్ళు ఆ మాట పట్టించుకోలేదు. నలభై ఏళ్ళు తమకి నాట్ల పాట చెప్పిన మనిషి. వీరాయమ్మ అనే ముసలామె అందుకుంది, మిగతావాళ్ళు కలిశారు. ఆ ఏడుపు జారుతూ, విరుగుతూ, ఒకరి గొంతులోంచి ఒకరి గొంతులోకి పాకింది. రాహేలు కూడా నోరు తెరిచింది. తిన్నగా వచ్చింది గొంతు, మెట్టు మీద నిలబడి, ఎక్కడా వణక్కుండా. ఆమె ఎంత కిందికి లాగినా దిగలేదు. చుట్టూ ఉన్న గొంతులు తడబడ్డాయి.

వీరాయమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "నువ్వూరుకో అమ్మా. మేం ఏడుత్తాం" అంది.

కన్నతల్లి శవం దగ్గర రాహేలు నోరు మూసుకుని కూర్చుంది.

బంగళాలో ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. వానకి వాయిద్యం చెడిపోయిందన్నారు, అప్పారావుగారూ అదే అన్నారు. సూర్యకుమారి మాత్రం మళ్ళీ గిటారు ముట్టుకోలేదు, నోరు విప్పి పాడనూ లేదు. మరుసటేడు బందరులో కృపారావు అనే ఉపదేశికిచ్చి పెళ్ళి చేసి పంపేశారు. ప్రార్థన ఇంట్లో వాయిద్యం ఎత్తేశారు. పెట్టెను మళ్ళీ అటక మీద పెట్టారు. కొన్నేళ్ళకి దించి చూస్తే అడుగంతా చెదలు తినేసి ఉంది.

తొమ్మిదేళ్ళకి అప్పారావుగారికి జబ్బు చేసిందని సూర్యకుమారి పుట్టింటికి వచ్చింది. ఒక సాయంత్రం ఏసుదాసు పడవలో ఏరు దాటి, ఎవరినీ వెంట తీసుకోకుండా రాహేలు గుమ్మం ముందుకొచ్చింది. ఇద్దరు బిడ్డల తల్లి. ఒళ్ళు చేసింది. రాహేలు పీట వేస్తే కూర్చుంది. తండ్రి సంగతి, పిల్లల సంగతి కాసేపు చెప్పింది. తరవాత బందరులో తమ వీధిలోకి వచ్చిన ఒక దొరసాని గిటారు తీగలు కలుపుకుంటుంటే చూశానంది. అయిదో మెట్టు దగ్గర నొక్కి, పక్క తీగను కలుపుకుంటూ పోవడం. చూడగానే తనకి వచ్చేసిందంది.

"ఆ శనివారం మీరు కావాలనే చెప్పలేదా రాహేలమ్మా?"

ఆమె నోట రాహేలును మీరు అనడం అదే మొదలు. రాహేలు అబద్ధం చెప్పగలిగేది. తల్లి చావుబతుకుల్లో ఉంది, తోచలేదు అంటే ఎవరైనా నమ్ముతారు.

"ఆయ్. కావాలనే అండి" అంది.

సూర్యకుమారి కోప్పడలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నా గొంతే అంత అనుకున్నాను. మా పిల్లలకి జోల కూడా పాడలేదు" అంది.

గిటారు ఎవరిదో, అది తనకి ఇస్తానన్నది ఎవరో, వెనక వరసలోకి తనని నెట్టిందెవరో చెప్పాలని రాహేలుకి నోటిదాకా వచ్చింది. అందులో ఒక్కటీ ఈ పిల్ల చేసింది కాదు. అవి జరిగేనాటికి పదేళ్ళది. రాహేలు ఏమీ చెప్పలేదు. క్షమించమని కూడా అనలేదు, ఆ మాట తన నోట నిజంగా పలుకుతుందన్న నమ్మకం ఆమెకి లేకపోయింది. సూర్యకుమారి కొంచెంసేపు ఉండి, చీకటి పడుతోందని లేచింది.

ఆమెను అవతలి గట్టున దింపి వచ్చిన ఏసుదాసు, ఎందుకొచ్చేరావిడ అని అడిగాడు. రాహేలు మొత్తం చెప్పింది. కట్టుకున్నవాడికి కూడా ఆ సంగతి అప్పటిదాకా చెప్పలేదు. అతను విని, పొయ్యి దగ్గర కూర్చుని, చేతులు కాచుకున్నాడు.

"ఆ పిల్ల నీకేం చేసిందే?" అన్నాడు.

"ఏమీ చెయ్యలేదు" అంది రాహేలు.